కాలవ గట్టు మీద పక్కింటి ఆంటీ

అక్టోబరు, రెండో మంగళవారం. బట్టలు రెండు లోడ్లు, అయ్యాయి. దోసెల పిండి రుబ్బడం, అయింది. డిష్‌వాషర్ ఖాళీ చేయడం, అయింది. గోంగూర ఒలిచి కడిగి ఆరబెట్టడం, సగం.

ఆ సగం దగ్గర ఫోన్ మోగింది. పక్కింటి ఆంటీ కూతురు, ముందురోజే అమ్మను చూడ్డానికి వచ్చి ఉంది. "ఆంటీ, అమ్మ పొద్దున లేవలేదు," అంది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడాలంటే ఒక్కో మాటా వెతుక్కుంటుంది. ఆ మాట మాత్రం తడుముకోకుండా చెప్పింది.

నిద్రలోనే పోయారు. అరవై ఎనిమిదేళ్ళు. అంతకు ముందు శనివారమే మేమిద్దరం కాలవ గట్టు మీద పద్దెనిమిది మైళ్ళు సైకిల్ తొక్కాం. నా నోట్‌బుక్‌లో ఉంది.

న్యూజెర్సీ పిస్కాటవేలో మా రెండు టౌన్‌హౌస్‌లకూ మధ్య ఒకటే గోడ. మన తెలుగువాళ్ళ ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ఆవిడ ఫార్మా ల్యాబ్‌లో పని చేసి రిటైరైన మనిషిగానే తెలుసు. కూతురి పెళ్ళయ్యాక ఒక్కరే ఉండేవారు. నాకు మాత్రం నలభై ఆరో ఏట సైకిల్ నేర్పిన మనిషి.

నేను హన్మకొండలో పెరిగాను. ముగ్గురు అన్నల సైకిళ్ళు ఇంటి ముందు ఉండేవి, నన్ను మాత్రం ఎక్కనివ్వలేదు. ఆ సంగతి ఒకసారి కరివేపాకు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మాటల్లో చెప్పాను. ఆవిడ కరివేపాకు కౌంటర్ మీద పెట్టి, గరాజ్ తలుపు ఎత్తి, తన పాత సైకిల్ బయటికి తీశారు.

"ఎక్కు."

"ఇప్పుడా ఆంటీ? ఈ వయసులోనా?"

"నీ వయసు నేనడిగానా? ఎక్కమన్నాను. పడితే గడ్డి మీద పడు, సిమెంటు మీద పడకు."

ఆవిడది తెనాలి దగ్గర. కాలేజీకి కాలవ గట్టు వెంటే సైకిల్ మీద వెళ్ళేవారట. "రెండుసార్లు కాలవలో పడ్డానమ్మాయ్. మూడోసారి గేదె మీద పడ్డాను. గేదెకి ఏం కాలేదు, నాకే జ్వరమొచ్చింది," అనేవారు. అమెరికా వచ్చాక ముప్పై ఏళ్ళు కారే. రిటైరయ్యాక మన పిస్కాటవేకి పది నిమిషాల దూరంలో కాలవ ఉందనీ, దాని పక్కన కార్లు రాని కంకర దారి ఉందనీ తెలుసుకుని, మర్నాడే సైకిల్ కొన్నారట.

ప్రతి శనివారం పొద్దున ఎనిమిదికి బయల్దేరేవాళ్ళం. మొదటిసారి నేను సిద్ధం చేసిన సంచి చూసి ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకున్నారు. పులిహోర, ఆరు దోసెలు, పల్లీ పచ్చడి, ఫ్లాస్కులో చాయ్, పేపర్ ప్లేట్లు, ఒక దుప్పటి. "మూడు గంటల రైడ్‌కి ఇదంతానా? కాశీకి పోతున్నామనుకున్నావా?" అన్నారు. ఐదో మైలు దగ్గర బెంచీ మీద కూర్చుని పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నారు. "సామాను తగ్గించు. పులిహోర మాత్రం తగ్గించకు." వచ్చే వారానికి నేను ఏం తేవాలో రాసుకునేటప్పుడు ఆ మాటే రాసుకున్నాను.

నేర్చుకునే రోజుల్లో నా సీటు బాగా కిందికి ఉండేది. ఆగితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, లేకపోతే నాకు ధైర్యం లేదు. అలా తొక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి. నోట్‌బుక్‌లో మైళ్ళ పక్కన మోకాళ్ళ సంగతి కూడా రాసేదాన్ని: "బాగా నొప్పి", "నొప్పి", "కొంచెం నొప్పి". మూడు నెలలకు "ఏమీ లేదు" అని రాశాను. అలవాటైందనుకున్నాను. ఆ వారమే ఒక చోట ఆగితే నా మడమలు నేలకు అందలేదు.

"ఆంటీ, నా కాళ్ళు పొట్టివైనాయా ఏంది?"

"లేదమ్మాయ్. సీటు పెరిగింది."

నేను బాటిల్‌లో నీళ్ళు పట్టుకుని వచ్చేలోపు ప్రతి శనివారం ఆవిడ సీటును బియ్యపు గింజంత పైకి ఎత్తుతూ వచ్చారు. పన్నెండు వారాలు. ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. "చెప్తే దించేసేదానివి," అన్నారు. అది నిజమే.

మూడేళ్ళ క్రితం ఆవిడ ఒక గుంపుతో ఫ్రాన్సు దక్షిణాన కాలవ వెంట ఆరు రోజులు తొక్కి వచ్చారు. ఎండ, కంకర దారి, రెండు పక్కలా ద్రాక్షతోటలు, కాలవలో మెల్లగా పోయే పడవలు. ఫోటోలు చూపిస్తూ, "మన తెనాలి గట్టే. కాకపోతే వరి బదులు ద్రాక్ష," అన్నారు. నేను వెళ్ళలేకపోయాను. పద్దెనిమిదేళ్ళు మాకు ప్రయాణమంటే ఇండియా ఒక్కటే, అది కూడా తిరిగొచ్చేటప్పుడు వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న భయంతోనే. ఈ వేసవిలో గ్రీన్ కార్డు వచ్చింది. వచ్చిన వారమే ఆవిడ మా తలుపు కొట్టారు. "వచ్చే మేలో నువ్వూ నేనూ. బుక్ చేస్తున్నా."

నాకున్న అడ్డంకి వీసా కాదు, మత్తడి. మా కాలవలో నీళ్ళు ఎక్కువైతే పక్కనున్న నదిలోకి పొర్లిపోవడానికి ఒక చోట గట్టును కిందికి దించి రాళ్ళు పరిచారు. మా హన్మకొండ వైపు చెరువులకుండే మత్తడి లాంటిదే. దారి ఆ రాళ్ళ మీదుగానే పోతుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క నది, రాళ్ళ మీద పల్చగా పారే నీళ్ళు. అక్కడికి రాగానే నా చేతులు బ్రేకులు పట్టేసేవి. దిగి, సైకిల్ నడిపించుకుని వెళ్ళేదాన్ని. ఒక్కసారి కాదు, ప్రతి శనివారం. ఆవిడ అవతల నిలబడి చూసేవారు.

"ఫ్రాన్సులో గట్టు చాలా చోట్ల ఇంతే సన్నం. అక్కడ రోజూ దిగి నడుస్తావా?"

"అప్పటికి వచ్చేస్తది ఆంటీ."

"అలాగే అను. ఈ మత్తడి నాకు బాకీ పడ్డావు. రాసుకో నీ బుక్కులో."

రాసుకున్నాను.

పోయిన వారం వాళ్ళ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. ట్రిప్ వాళ్ళు శుక్రవారంలోపు పేర్లు ఖాయం చేయమన్నారట. "ఆంటీ, రెండూ క్యాన్సిల్ చెయ్యనా?" అని అడిగింది. రెండు రోజులు ఆగమన్నాను.

మా ఆయనతో చెప్పాను. ఆయన లాప్‌టాప్ మూసి నా వైపు చూశారు. "ఒక్కదానివే ఏం పోతవు? ఆమె ఉంటే వేరే సంగతి."

"ఒక్కదాన్నే పోవాలనుకుంటున్నా."

"ఆ రాళ్ళ కాడ సైకిల్ దిగుతవంటివి గదా. ఆడ నీకు ఎవరు ఆగుతరు?"

ఆయన వెటకారంగా అనలేదు. ఆ గుంపులో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి సన్న దారి దగ్గరా దిగి నడిచే మనిషి కోసం రోజూ పదిమంది ఆగరు. మత్తడి దాటలేకపోతే వాళ్ళ అమ్మాయికి రెండూ క్యాన్సిల్ అనే చెప్పాలని ఆ రాత్రే తేల్చుకున్నాను.

గురువారం పొద్దున పిల్లలు బస్సెక్కాక గరాజ్‌లోకి వెళితే, మా ఆయన ఆఫీస్ బట్టల్లోనే వంగి నా సైకిల్ టైర్లకు గాలి కొడుతున్నారు. నన్ను చూసి పంపు గోడకు ఆనించి కారెక్కారు.

గట్టు మీద ఆకులు రాలి ఉన్నాయి. మొదటిసారి మత్తడి దగ్గర మళ్ళీ దిగాను. ఎవరూ చూడటం లేదు, నడిపించుకుని పోవచ్చు. అయినా సైకిల్ తిప్పి వంద గజాలు వెనక్కి వెళ్ళి ఆగాను. ఆవిడ వంద సార్లు చెప్పిన మాటే నాకు నేను పైకి చెప్పుకున్నాను: "నీళ్ళ వంక చూస్తే నీళ్ళలోకే పోతావు. అవతల గట్టు చూడు. బ్రేకుల మీంచి వేళ్ళు తీసెయ్."

వేళ్ళు తీశాను. ముందు చక్రం రాళ్ళ మీదికి దిగగానే హ్యాండిల్ వణికింది, పళ్ళు టకటకమన్నాయి. ఎడమ పక్క ఏదో మెరిసింది, చూడలేదు. అవతలి గట్టు మీద ఆవిడ ఎప్పుడూ నిలబడే చోట ఖాళీ దారి. దాన్నే చూస్తూ తొక్కాను. రాళ్ళు అయిపోయి కింద కంకర చప్పుడు మొదలైంది. అప్పుడు ఏడుపొచ్చింది.

అక్కడే నిలబడి వాళ్ళ అమ్మాయికి ఫోన్ చేశాను. "అమ్మది క్యాన్సిల్ చెయ్యమ్మా. నాది ఉంచు."

"ఓకే ఆంటీ. గుడ్," అంది, ముక్కు ఎగబీలుస్తూ.

నోట్‌బుక్ తీసి రాశాను: మత్తడి, దిగకుండా దాటాను. ఆంటీ బాకీ చెల్లు.

వెనక్కి తిరిగి చూస్తే, నీళ్ళలోంచి నా కాళ్ళ దగ్గరి దాకా పొడి కంకర మీద టైరు గీసిన ఒకటే తడి చార. పక్కన అడుగుల జాడ లేదు. నా వైపు కొస నుంచి అది అప్పటికే ఆరిపోతోంది.