మేనత్త కరెంటు బట్టీ

ఆ రోజుల్లో జేబులో టెస్టరుంటే చాలు, కరెంటు నా మాట వింటుందని నాకొక నమ్మకం. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చి, ఉద్యోగం ఇంకా రాని కాలమది. సరిగ్గా అప్పుడే విజయనగరంలో మా మేనత్త, సంగీతం టీచరుగా రిటైరై మట్టిపాత్రల పనిలో పడ్డ మనిషి, మూతపడిన ఒక కాలేజీ నుంచి పాత కరెంటు బట్టీ కొనుక్కొచ్చింది. సాలూరు లారీ మీద, పైన పట్టా కూడా లేకుండా, వానలో తడిసి ముద్దయి దిగింది (దిగింది బట్టీ; అత్త బస్సులో వచ్చింది). బీరువాని సగానికి కోసినట్టున్న ఇనప పెట్టె, లోపల తెల్లటి ఇటుకలు, వాటి గాడుల్లో వేడెక్కే తీగచుట్టలు. వెనక వైర్లు మాత్రం ఎలుకలు తినేశాయి.

"ఒసే, నువ్వు సదివింది ఇదే గదా? బాగు సెయ్యి" అంది అత్త. విశాఖలో ఎగ్జిబిషనుకి ఒప్పేసుకుంది. అరల నిండా పచ్చి పాత్రలు ఎండి కూర్చున్నాయి. కాల్చకపోతే అవి మళ్లీ మట్టే. మావయ్య పేపరు దించకుండానే "ఇల్లు కాల్సీసి మరీ ఎల్తాది సూడు" అన్నాడు.

పాత వైర్లన్నీ పీకేసి వేడికి తట్టుకునేవి వేశాను. తెగిన చుట్టలు మార్చాను. మీటరు నుంచి విడిగా లైను లాగాను. ఎర్తు వైరు కూడా ఇంటి ఎర్తుకి కలిపాను (ఇది గమనించండి, కలిపాను). స్విచ్ వేసే ముందు చూస్తే మావయ్య రోకలి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అదేటి మావయ్యా?"

"ఎవులైనా కరెంటుకి అతుక్కుంటే కొట్టి వదిలించాలి గదా. ముందు నువ్వే అనుకుంటన్నాను."

స్విచ్ వేశాను. బట్టీ సన్నగా మూలిగింది. మూత సందులోంచి దారంలా పొగ వచ్చింది. అలవాటు కొద్దీ టెస్టరు తీసి పెట్టె ఇనుముకి ఆనించాను. ఎర్రగా వెలిగింది. ఒక్క క్షణం అదేమిటో నాకు అర్థమే కాలేదు. "ఏదో కాలతన్నాది పిల్లా" అన్న మాట పక్కనుంచి వినబడి తల తిప్పితే, తడి కాళ్లతో వచ్చిన అత్త చెయ్యి మూత పిడికి జానెడు దూరంలో ఉంది.

"ఒసే! సెయ్యి తియ్యే!"

అరిచింది నేనే. ఆవిడ ఒక్క చూపు చూస్తే బడి మొత్తం నిశ్శబ్దమైపోయేదట, అలాంటి మనిషిని ఒసే అన్నాను. అత్త చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎవరిని కొట్టాలో తెలియక మావయ్య రోకలి ఎత్తేశాడు. నేను మెయిను లాగేశాను.

"ఎవుల్నే ఒసే అన్నావు?" అంటూనే అత్త నేలమీద కూలబడి, నా చెయ్యి పట్టుకుని, వదల్లేదు.

వానకి ఇటుకలు నీళ్లు పీల్చుకున్నాయి, వాటిగుండా కరెంటు పెట్టెకి పాకింది. భూమిలోకి పోవాల్సిన ఆ కరెంటు పోలేదు, ఎందుకంటే పెరట్లో ఎర్తు గుంట ఎప్పుడో ఎండిపోయింది, లోపలి రేకుని తుప్పు తినేసింది. మావయ్య రోకలి పక్కన పెట్టి గునపం అందుకున్నాడు. కొత్త గుంటలో బొగ్గు, ఉప్పు వేసి బిందెలతో నీళ్లు పోశాడు. ఇటుకలు ఎండలో బాగా ఆరాక, లోపల పాత్రలు పేర్చి మళ్లీ స్విచ్ వేశాం. ఈసారి ఎక్కడ ఆనించినా టెస్టరు వెలగలేదు. అయినా సాయంత్రం దాకా ఎవరూ దాని దగ్గరికి వెళ్లలేదు. చూపు రంధ్రంలో పాత్రలు పండు మిరపలా ఎర్రబడుతుంటే ముగ్గురం దూరంనుంచే మెడలు సాచి చూశాం. బట్టీ చల్లారి మూత తెరిస్తే ఒక్క గిన్నె పగిలి ఉంది. మిగతావి గోటితో కొడితే ఖంగుమన్నాయి.

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో కరెంటు పనులకి పెద్దని. మీటింగుల్లో పెద్దవాళ్లు ప్రమాదకరమైన మాట ఏదో అంటుంటారు, నేను "ఒకసారి ఆలోచిద్దామండీ" అని మర్యాదగా గొణుగుతాను. అప్పుడు గుర్తొస్తుంది ఆ పిల్ల, భయపడుతూనే మేనత్తని ఒసే అని ఆపిన పిల్ల. ఆ గొంతు మళ్లీ నాకెప్పుడూ రాలేదు.