రెండో చుట్టు

ఆమెకు మట్టమ్మ అని పేరు పెట్టింది మేస్త్రి. కన్నవాళ్ళు పెట్టిన పేరు పెళ్ళి కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ మేస్త్రి షెడ్డులో ఆమె ఏడేళ్ళు పనిచేసింది. పందెం కార్ల ఇంజన్లు విప్పి, పాత బ్లాకులోనే పిస్టన్లను ఆడించే ఇరుసు, అదే క్రాంకు, పెద్దది వేసి బలం పెంచే షెడ్డు అది. స్ట్రోకర్ ఇంజన్లంటారు వాటిని. క్రాంకు పెద్దదైతే దానితో ఊగే కనెక్టింగ్ రాడ్డు కూడా ఇంకాస్త దూరం పోతుంది. రాడ్డు భుజం, వాల్వులు తెరవడానికి పక్కనే తిరిగే ఉబ్బుల ఇరుసు క్యాంషాఫ్ట్‌కు దగ్గరవుతుంది. ఎంత దగ్గరో చూడకుండా మూత బిగిస్తే కొరివితో తల గోక్కున్నట్టే.

ఆమె చూసేది. ఇంజన్ని స్టాండు మీద బోర్లించి, ప్రతి రాడ్డు భుజానికీ పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి మట్టి అంటించి, మట్టి అతుక్కోకుండా క్యాం మీద నూనె రాసి, పానాతో క్రాంకును మెల్లగా తిప్పేది. ఒక చుట్టు కాదు, రెండు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే గానీ క్యాం ఒక్క చుట్టు పూర్తికాదు. మొదటి చుట్టులో దేనికీ తగలని రాడ్డుకు రెండో చుట్టులో క్యాం ఉబ్బు ఎదురు రావచ్చు. ఆ తర్వాత నలిగిన మట్టిని బ్లేడుతో కోసి మందం కొలిచేది. ఒకటిన్నర మిల్లీమీటరుకు తగ్గితే భుజం అరగదీయాల్సిందే.

"మట్టితో ఆటలేంటే? ఆలస్యం అమృతం విషం!" అని నవ్వేవాడు మేస్త్రి. వాడికి వచ్చిన సామెత అదొక్కటే.

ఆరేళ్ళ కిందట లారీల యజమాని ఒకాయన పందెం ఇంజన్ వచ్చింది. ఆమె ఒక చుట్టు తిప్పింది. రెండోదానికి పానా ఎత్తబోతుంటే మేస్త్రి చేతిలోంచి లాక్కున్నాడు. "ఒక్క చుట్టు చాలు. మూత బిగించు," అన్నాడు. బిగించింది. మూడో రోజు పందెం మధ్యలో మూడో రాడ్డు క్యాంను కొట్టి, విరిగి, బ్లాకును చీల్చుకుని బయటికొచ్చింది. కారు నడుపుతున్న యజమాని తమ్ముడి కాలు కాలింది.

"చూడాల్సింది ఈ పిల్లే సార్, చూడలేదు," అన్నాడు మేస్త్రి, కన్ను ఆర్పకుండా. ఆమె పనిముట్ల పెట్టె ఎత్తి వీధిలోకి విసిరాడు. నలుగురూ చూస్తుండగా ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకుంది. పన్నెండో నంబరు పానా మురుగు కాలువలో పడి పోయింది.

ఆ తర్వాత ఏ షెడ్డూ పనివ్వలేదు. ఇంటి ముందు రేకులు వేసుకుని నీళ్ళ పంపులు బాగుచేసింది. మరిచిపోయిందనుకుంటున్నారా? గిన్నెలు తోముతూ వాడి మొహం తోమేది. బట్టలు ఉతుకుతూ వాణ్ణి బండకేసి బాదేది. మెల్లగా చిన్నాచితకా పందెగాళ్ళు ఆమె దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆమె బిగించిన ఇంజన్ ఒక్కటీ విరగలేదు.

మొన్న ఆ లారీల యజమానే మళ్ళీ వచ్చాడు, వ్యానులో ఇంజన్ వేసుకుని. "కట్టింది మేస్త్రే. నీ మీద నాకు నమ్మకం లేదు. కానీ నీ చేతి ఇంజన్లు విరగట్లేదని అందరూ అంటున్నారు. ఓసారి చూడు. రేపు మేస్త్రి వచ్చి మూత బిగిస్తాడు," అన్నాడు.

మధ్యాహ్నం మట్టి అంటించి తిప్పింది. మొదటి చుట్టు శుభ్రం. రెండో చుట్టులో మూడో రాడ్డు మీద మట్టి కాగితమంత పలచగా నలిగింది. ఆమెకు ఒళ్ళంతా సంతోషంతో పులకరించింది. తప్పేముంది? నోరు మూసుకుంటే చాలు, వాడి బతుకు వీధిన పడుతుంది.

అత్తగారితో చెప్పింది. ముసలావిడ వేస్తున్న కుట్టు ఆపింది.

"అప్పుడూ నిన్నే అంటారే పిచ్చిదానా. పైగా ఆ అబ్బాయి రెండో కాలు కూడా కాల్తుంది. పగ తీర్చుకుంటే పట్టపగలు, పదిమందిలో తీర్చుకో. ఎవరూ చూడని పగ ఎందుకూ, అటక మీద దాచుకోడానికా?"

మట్టమ్మ నలిగిన మట్టి గీకేసి, కొత్త మట్టి అంటించింది.

మర్నాడు ఉదయం మేస్త్రి తన పెట్టెతో వచ్చాడు. యజమాని వచ్చాడు, కాలు ఈడ్చుకుంటూ తమ్ముడూ వచ్చాడు. పక్క షెడ్ల మెకానిక్కులు వింత చూడ్డానికి చేరారు.

"మీరే తిప్పండి మేస్త్రిగారూ. మీ ఇంజన్, మీ చెయ్యి," అంది.

వాడు తిప్పాడు. మట్టి చెక్కుచెదరలేదు. "చూశారుగా సార్? ఇక మూత బిగిద్దాం."

"ఇంకో చుట్టు."

"ఒక్క చుట్టు చాలే! నలభై ఏళ్ళుగా ఒక్క చుట్టే తిప్పుతున్నా."

"అన్ని ఇంజన్లకీనా?"

"అన్నిటికీ!" అన్నాడు రొమ్ము విరిచి.

యజమాని తమ్ముడు ముందుకొచ్చాడు. "నా కాలు కాల్చిన ఇంజన్‌కి కూడానా మేస్త్రీ?"

మేస్త్రి పానా కింద పెట్టాడు. తమ్ముడే పానా అందుకుని రెండో చుట్టు తిప్పాడు. మట్టమ్మ మట్టిని కోసి అతని అరచేతిలో పెట్టింది. అర మిల్లీమీటరు కూడా లేదు.

"ఆ రోజు నా చేతిలోంచి పానా ఎవరు లాక్కున్నారో చెప్పండి," అందామె.

"నేనే," అని గొణిగాడు మేస్త్రి.

"వీధి దాకా వినపడలేదు."

వాడు మళ్ళీ చెప్పాడు. గట్టిగా. అది వింటుంటే ఆమెకు ఎంత హాయిగా ఉందో! అయినా కడుపు మంట పూర్తిగా చల్లారలేదు. మేస్త్రి పెట్టెను రెండు చేతులా ఎత్తింది. విసురుతుందనే అనుకున్నారంతా. మూత తెరిచి, పన్నెండో నంబరు పానా వెతికి జేబులో వేసుకుంది. అది తనది కాదని ఆమెకు తెలుసు. పెట్టెను తీసుకెళ్ళి వీధి మధ్యలో దించి వచ్చి, మూడో రాడ్డు విప్పడానికి కూర్చుంది.