నా చేత్తో చుట్టిన మోటారు

మా హైస్కూల్లో వొకేషనల్ కోర్సులు పెట్టినప్పుడు ఆడపిల్లలందరినీ కుట్టుపనికి రాసుకున్నారు. నన్నూ రాశారు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, ఎలక్ట్రికల్ కావాలన్నాను. "షాక్ కొడ్తాది పాపా" అని సారు నవ్వాడు. "మగపిల్లోళ్లకు కొట్టదా సార్?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. అట్లా మగపిల్లల మధ్య నేనొక్కదాన్నే కూర్చుని తొమ్మిదీ పదీ చదివాను.

పదో తరగతి పరీక్షలయ్యాక, పని నేర్చుకోమని నన్ను రాయచోటిలో ఒక మోటారు వైండింగ్ షాపుకు పంపారు. ఎండాకాలం వస్తే మా వైపు ఆసుపత్రుల కంటే ఆ షాపుల ముందే జనం ఎక్కువ. బోర్లలో నీళ్లు అడుగంటగానే మోటార్లు కాలిపోతాయి. వాటిని ఆటోల్లో వేసుకుని, ముఖాలు వేలాడేసుకుని రైతులు దిగుతారు. మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగను ఒక్కో గాడిలోంచీ చేత్తోనే దూర్చి లాగాలి. తీగ మీది పూత కాస్త గీసుకుపోయినా మోటారు మళ్లీ కాలుతుంది. మొదట్లో నా వేళ్లు పగిలిపోయి, అన్నం కలుపుకుంటే కారం మంటకు ప్రాణం పోయేది. అయినా ఆ పనంటే నాకు పిచ్చి.

మేస్త్రీ ముసలి సాయిబు. మనసు వెన్న, నోరు మాత్రం అబ్బో! "ఏమ్మా, జడ అల్లతాండావా, మోటారు చుట్టతాండావా?" అని వీధంతా వినపడేటట్టు అరిచేవాడు. కాసేపటికి తనే టీ తెప్పించేవాడు. ఒకరోజు నేను చుట్టినదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. ఆయన తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే.

ఆ రోజు ఇంటికొచ్చి నాయనతో చెప్పేశాను, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరతానని, తర్వాత సొంతంగా షాపు పెట్టుకుంటానని. అమ్మ నెత్తి కొట్టుకుంది. నాయన మాత్రం బీడీ ఆర్పి, "ముందు ఒక మోటారు చుట్టి, నడిపిచ్చి చూపియ్. అప్పుడు చూస్తాం" అన్నాడు. వద్దనలేదు. నాకు అది చాలు.

మా షాపులో ఒక కట్టుబాటు ఉంది. నేర్చుకునేవాళ్లు ఎవరి సాయమూ లేకుండా చుట్టిన మొదటి మోటారును సొంతవాళ్ల బోరులోనే దించాలి. తప్పు జరిగితే మన పైరు ఎండాలి గానీ, నమ్మి వచ్చినవాడి పైరు ఎండకూడదని మేస్త్రీ అనేవాడు. నేను ఎదురుచూస్తున్నట్టే మా చీనీతోటలో, అదే బత్తాయి తోటలో, మోటారు కాలిపోయింది. నాయన దిగులు పడుతుంటే, సిగ్గులేకుండా నేను లోలోపల సంబరపడ్డాను.

రెండు పగళ్లు కూర్చుని చుట్టాను. మేస్త్రీ దాన్ని నీళ్ల డ్రమ్ములో ముంచి తిప్పి చూశాడు. డ్రమ్ముకు చెవి ఆనించి విని, "తీస్కపో, నీ పేరు నిలబెడ్తాది" అన్నాడు.

తోటలో మోటారు దించాక నాయన టెంకాయ కొట్టాడు. స్టార్టరు నన్నే నొక్కమన్నాడు. నొక్కాను. పైపులోంచి నీళ్లు ఎగిసిపడ్డాయి. నాయన దోసిలి పట్టి ఆ నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లతో "నా కూతురు చుట్టిన మోటారప్పా ఇది" అన్నాడు. నా బతుకులో ఆ మాట కంటే గొప్ప మాట నేను వినలేదు.

కాసేపటికే ధార సన్నబడింది. తర్వాత బురదనీళ్లు, ఆ తర్వాత ఉత్త గాలి. బోరు ఎండిపోయింది. అంతకుముందు మోటారు కాలిందీ అందుకే. మా పెదనాయన తువ్వాలు దులుపుకుని, "ఆడపిల్ల చెయ్యి పడినాక ఇంగ గంగమ్మ యాడుంటాది?" అన్నాడు.

"మోటారు తిరగతాండాది పెదనాయనా, నీకు వినపడ్లేదా? లోపల నీళ్లే ల్యావు!" అని నేను అరిచాను. నాయన ఒక్క మాట అంటాడని ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మా వైపు మందిచ్చే వైద్యుడికైనా, విత్తనం వేసే మనిషికైనా చేతివాసి చూస్తారు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగి, అది లేచి నిలబడిన చోట బోరు వేస్తారు. అక్కడ నీళ్లు పడకపోతే టెంకాయను ఎవరూ తిట్టరు. నా చెయ్యి మంచిది కాదన్న మాట మాత్రం వారం తిరగకముందే ఊళ్లు దాటింది. షాపుకొచ్చిన రైతులు "ఆ పాప చుట్టేటట్టయితే మాకొద్దు భాయ్" అనేవాళ్లు. మేస్త్రీ ఇద్దరు ముగ్గుర్ని తిట్టి పంపించాడు. కానీ ఎంతమందిని తిడతాడు?

చీనీచెట్ల ఆకులు ముడుచుకుపోయాయి. నాయన తోటకు ఆ చివర ఇంకో బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. పాత బోరులోంచి నా మోటారు పైకి తీశారు. అది చెక్కుచెదరలేదు. నేను షాపులో ఉండగా నాయన దాన్ని ఆటోలో వేసుకొచ్చాడు. నన్ను చూసి, చూడనట్టు మేస్త్రీ దగ్గరికి పోయాడు.

"దీన్ని నీ చేత్తో మళ్లా చుట్టు భాయ్."

"దీనికేమైంది? బంగారం మాదిరి ఉండాది గదా!"

"తెలుసు" అన్నాడు నాయన. "ఉండే తీగ తీసేయ్."

మేస్త్రీ చేతులు కదల్లేదు. నాయన అప్పుడు నావైపు తిరిగాడు. "నీ తప్పేం ల్యా పాపా. నాకు తెలీదా? కానీ ఈ బోరూ పోతే చెట్లు బతకవు. నాకు భయమైతాండాది" అన్నాడు. కోపంగా అని ఉంటే నేనూ గొంతెత్తి పోట్లాడేదాన్ని. బతిమాలుతున్నట్టు అన్నాడు.

నేనే ఉలి, సుత్తి తీసుకున్నాను. పగిలిన వేళ్లతో ఒక్కో చుట్టు లాగి పేర్చిన తీగ అది. ఎక్కడా మాడలేదు, ఎక్కడా గీసుకోలేదు. నాయన చూస్తుండగా నరికేశాను. ఆయన ఆపలేదు.

ఆయన పోయాక మేస్త్రీ గొంతు తగ్గించి, "నువ్వే చుట్టమ్మా. నేను చుట్టినానని చెప్తాలే, మీ నాయనకేం తెలుస్తాది?" అన్నాడు. వద్దన్నాను. మా నాయన దగ్గర నా పనితనాన్ని నేనే దాచుకోవాలా? చేతులు కడుక్కుని బస్సెక్కాను. ఆ షాపు మెట్లు మళ్లీ ఎక్కలేదు. ఐటీఐ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు కడపలో కామర్సు చదువుతున్నాను.

అప్పట్లో, కొత్త బోరులో మోటారు దించిన రోజు నేను తోటకు పోలేదు. ఇంట్లో ఉంటే నాయన ఫోన్ చేశాడు. వెనక నీళ్ల చప్పుడు వినపడుతోంది. "పాపా, నీళ్లు దూకుతాండాయి! చెట్లు బతికినట్టే. సాయిబు చెయ్యి శానా మంచిదమ్మా" అన్నాడు. గొంతులో అంత సంతోషం. నాకు ఏడుపు ఆగలేదు.

"నీళ్లు వచ్చినాయి గదా పాపా" అన్నాడు నాయన. "ఇంగ ఎందుకు ఏడుస్తాండావు?"