అత్త దిగిన బాయి

నైజాం సర్కారు పోయిన కొన్నేండ్లకు మా మేనత్త పుట్టింటికి తిరిగొచ్చింది. గత్తర సోకి ఆమె మొగడు, పాలు తాగే బిడ్డ ఒకరెనుక ఒకరు పోయిండ్రు. బాపు పోయి చెల్లెను తోలుకొచ్చిండు.

చిట్యాల పక్కన మా ఊరు. ఇంట్ల మగ్గం నడుస్తుండె. కండెలు చుట్టుట్ల అత్తది మంచి చెయ్యి. గా అత్త రాట్నం ముట్టలేదు. ఎవలతోని మాట్లాడలేదు. పొద్దంత గోడకు ఒరిగి కూసునేది. ఒకనాడు బాయి ఒడ్డున వంగి చూసుకుంట నిలబడ్డదట. అప్పటిసంది ఆమె వదినె, మా అవ్వ, ఆమెను నీళ్లకు పోనియ్యలేదు.

ఎండకాలం ఒక పొద్దున బాయిల కుక్క పడ్డదని లొల్లి అయింది. నేను ఉరికిన. ఎనకకు చూస్తే అత్త గూడ వస్తాంది. నీళ్లు అడుక్కు దిగినయి. పిల్లతనం పోని ఊరకుక్క ఒకటి రాతిసందుల ముందటి కాళ్లు పెట్టి ఏలాడుతాంది. మొరుగుతందుకు గూడ దానికి సత్తువ లేదు.

"గంప దించినం, ఎక్కుతలేదు. ఇగ బతకది" అన్నడు అక్కడున్న ఒకాయన.

అత్త కొంగు నడుముకు చెక్కి, బాయి గోడకున్న రాళ్ల మీద కాలు పెట్టి దిగబట్టింది. అవ్వ కేకేసింది. బాపు మగ్గం గుంటల నుంచి ఉరికొచ్చి, ఒడ్డు మీద బోర్ల పండి చెయ్యి చాపిండు.

"చెల్లె, పైకి రా. నా మాట ఇను."

"అన్నా, గంప జర ఇటు జరుపు" అన్నది అత్త కిందికెల్లి.

ఆమె గొంతు ఇని ఎన్ని నెలలైందో. బాపు కండ్లు తుడుసుకుంటనే తాడు జరిపిండు. గంపల కుక్క పైకొచ్చింది, దాని ఎనక అత్త వచ్చింది.

కుక్కకు ఎనక కాలు ఇరిగింది. అత్త వెదురుబద్దలు పెట్టి నూలుతోని కట్టింది. ముంగల జొన్న గట్క పెడితే అది ముట్టలేదు.

"తినవే. చూడు, నేను తింటున్న" అని అత్త ఒక ముద్ద నోట్లె పెట్టుకున్నది. దానికి ఒక ముద్ద, తనకొక ముద్ద. తలుపుకాడ నిలబడి చూసిన అవ్వ ఇంకింత గట్క తెచ్చి పెట్టిపోయింది.

మెల్లగ అత్త రాట్నం ముంగల కూసునుడు మొదలుపెట్టింది. ఒక్కోపారి చుట్టుడు ఆపి ఏడ్సేది. కుక్క కుంటుకుంట వచ్చి ఆమె ఒళ్లె మూతి పెట్టేది. దాని మెడ నిమిరి, నిమిరి, మళ్ల చక్రం తిప్పేది.

కొన్నేండ్లకు హాలియా దిక్కునుంచి పెండ్లాం పోయిన నేతాయన అత్తను మారుమనువు అడగవచ్చిండు. పెద్దోళ్లు మాట్లాడుకుంటుంటే అత్త లోపటికెల్లి వచ్చి, "నా కుక్క గూడ నా ఎంబడే వస్తది" అన్నది.

కూసున్నోళ్లు నవ్విండ్రు. ఆయన నవ్వలేదు. "మా ఇంటి ముంగల ఏపచెట్టున్నది. దానికి నీడుంటది" అన్నడు.

కుక్కను బస్సుల ఎక్కనియ్యరని ఆయన ఎడ్లబండి కట్టుకొని వచ్చిండు. అత్త కుక్కను ఎత్తి మూటల నడుమ కూసోబెట్టింది. తర్వాత తనెక్కి, "ఇగ పోదాం" అన్నది ఆయనతోని.