బాపు తిరగేసి చెప్పమన్న చీటీ

మా చిన్నప్పుడు... కాశిబుగ్గలో మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, మగ్గం మీంచి దింపిన ప్రతి జంపఖానానూ వాకిట్లో పరిచి, తిరగేసి మరీ చూసేవాడు. ఏ వైపు చూసినా ఒకటే అల్లిక ఉండాలి. పైన రంగులు మెరిసి వెనక దారాలు వేలాడితే ఎవరికీ అమ్మేవాడు కాదు.

నా ఇంగ్లీషునూ అట్లాగే చూసేవాడు... తనకు అక్షరం ముక్క రాదు. "చదివింది తెలుగుల చెప్పు. పుస్తకం మూసి మల్ల ఇంగ్లీషుల చెప్పు" అనేవాడు. నేను తడబడితే చాలు, దొరికిపోయేవాణ్ని.

నాకది ఒళ్లు మంట. ప్రార్థన మందిరంలో ఇంగ్లీషు బైబిల్ వాక్యం గడగడా చదివితే పెద్దలంతా "దొరలెక్క చదువుతాండు" అని మురిసేవాళ్లు. అర్థం అడిగినవాళ్లు లేరు. నాకు నేనే నూటికి నూరు వేసుకున్నాను.

ఒకసారి మందిరానికి విదేశాల నుంచి కళ్ల డాక్టరమ్మ వచ్చింది. ఆమె మాటలు తెలుగులో చెప్పాల్సిన మనిషికి జ్వరం. నేనే ముందుకు దూకాను. మా నాయనమ్మ కన్ను చూసి ఆమె చాలాసేపు చెప్పింది, చీటీ రాసింది. అర్థమైందా అని నన్ను అడిగింది. తల ఊపాను... ఒక్క ముక్క అర్థం కాలేదు!

"ఏమంటాంది బిడ్డా?" అంది నాయనమ్మ.

"ఫికర్ లేదు నాయనమ్మా. సుక్కల మందు ఏసుకుంటే తగ్గుతదట."

ఇంటికొచ్చి ఆ చీటీ గొంతెత్తి చదివాను కూడా. "తిరగేసి చెప్పురా" అన్నాడు బాపు. "నీకు చదువొచ్చనా అడుగుతానవ్?" అని అరిచాను. నాయనమ్మ నా పక్షమే. "నా మనుమనికి అన్ని వస్తయ్, నువ్వు జర ఊకో."

నెల తర్వాత చూపు ఇంకా తగ్గితే తీసుకెళ్లాం, పెద్ద దవాఖానలో డాక్టరు అదే చీటీ చూసి తల పట్టుకున్నాడు. వారంలోపు ఆపరేషన్ చేయించాలని అందులో రాసి ఉంది. ఆ కన్ను మళ్లీ వెలుగు చూడలేదు.

నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. బతికినన్నాళ్లూ ఒంటికన్నుతోనే ఇరుగుపొరుగుకు నా ఇంగ్లీషు గొప్ప చెప్పింది. ఆమె పొగిడినప్పుడల్లా నా నోరు నాకే కంపు కొట్టేది... దొంగ త్రాసు దేవుడికి హేయమని వాక్యంలో తర్వాత చదివాను. అంగట్లో ఉండే త్రాసు అనుకునేవాణ్ని. కాదు, అది నా నాలుక మీదే ఉంది!

మొన్న మా ప్రార్థన సంఘంలోని నర్సు చదివిన పిల్ల ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. జర్మనీ దవాఖానలో ఉద్యోగమట. ఫోన్‌లోని దరఖాస్తులో, ఆ దేశం భాష ఎంత వచ్చో తనకు తానే గుర్తు పెట్టాలి... ఆరు మెట్లలో ఐదోదాని మీద పెట్టేసింది.

"మంచిగ కావాలని ప్రార్థన చెయ్యి అన్నా."

"ఎన్ని నెలలు నేర్చుకున్నవమ్మా?"

"నాలుగు. అందరు గిట్లనే పెడుతాండ్రు అన్నా..."

అందరూ ఆడిన అబద్ధం నిజమైపోతుందా? రేపు అక్కడ మంచం మీద మూలిగే ముసలమ్మ ఎవరి నాయనమ్మ?

"నొప్పి ఎక్కడ, ఎప్పటిసంది... ఆ భాషల నన్ను అడుగు. రోగి ఏం చెప్తదో అది గూడ నువ్వే చెప్పు" అన్నాను. సగంలో ఆగిపోయింది. అప్పుడు నాయనమ్మ కన్ను సంగతి చెప్పాను. ఆ పిల్ల గుర్తు తీసి రెండో మెట్టు మీద పెట్టింది. ఈ ఉద్యోగం ఇక రాదేమోనని ఏడ్చింది. అప్పుడు ప్రార్థన చేశాను.

మా వాడలో మగ్గాలు తగ్గిపోయాయి... జంపఖానా తిరగేసి చూసే మనుషులు అంతకంటే తగ్గిపోయారు. ఇప్పుడు ఎవరి మార్కులు వాళ్లే వేసుకుంటున్నారు, ఎవరి చప్పట్లు వాళ్లే కొట్టుకుంటున్నారు. ఛీ!

మీ చదువును తిరగేసి చూసిన, చదువురాని మనిషి మీ ఇంట్లో ఎవరు? కింద రాయండి... ఆ మనిషి ఇంకా ఉంటే, నేను మా బాపుకు చెప్పలేకపోయిన మాట మీరు చెప్పండి... "నువ్వు అడిగిందే నిజం."