ఒకే నంబరు, రెండు డబ్బాలు

పామర్‌స్టన్ నార్త్‌లోని ఒక తుపాకుల దుకాణంలో నేను వర్క్‌షాప్ అసిస్టెంట్‌గా చేరింది ఓ ఏప్రిల్ నెల మొదటి సోమవారం. అక్కడ చలి అప్పుడే మొదలవుతుంది. అంతకుముందు ఇరవై రెండేళ్లు భారత సైన్యంలో ఆర్మరర్‌ని, అంటే ఆయుధాలు మరమ్మతు చేసే హవల్దారుని. నా భార్యకు ఈ దేశంలో నర్సు ఉద్యోగం రావడంతో వచ్చాం. దుకాణం యజమాని కోలిన్ ఒక రైఫిల్ ముందు పెట్టి, విప్పి మళ్లీ బిగించమన్నాడు. ఇంటర్వ్యూ అంతే.

సైన్యంలో తూటాలు సీలు వేసిన పెట్టెల్లో వచ్చేవి. ఇక్కడ పిస్టల్ క్లబ్ సభ్యులు చాలామంది కాల్చిన ఇత్తడి గుల్లల్ని ఏరుకొచ్చి మళ్లీ నింపుకుంటారు. దాన్నే రీలోడింగ్ అంటారు. గుల్ల అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్, లోపల తూచిన తుపాకి మందు, పైన బుల్లెట్. మందు ఎంత పోయాలన్నదే అసలు సంగతి. మందు కంపెనీలు తమ ఒక్కో రకానికి, ఒక్కో బుల్లెట్ బరువుకి ప్రారంభ కొలత, గరిష్ఠ కొలత ప్రచురిస్తాయి. ఆ పట్టికల పేరు లోడ్ డేటా. ప్రారంభ కొలతతో మొదలుపెట్టి, కాల్చిన గుల్లల్ని పరిశీలిస్తూ కొద్దికొద్దిగా పెంచాలి. గరిష్ఠం దాటితే పిస్టల్ చేతిలోనే పగలవచ్చు.

ఈ పని నాకు కోలిన్ నేర్పాడు. వెనకగదిలో ఇత్తడి, నూనె కలిసిన వాసన. బయట ఎడతెగని గాలి. త్రాసు కదలకుండా కిటికీ మూసి, ఇద్దరం మాట్లాడుకోకుండా తూచేవాళ్లం. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు బాగా గుర్తుండిపోయినవి ఆ మధ్యాహ్నాలే.

రెండో ఏట ఒక శుక్రవారం మేరీ సునీత వచ్చింది. గుంటూరు అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు, క్లబ్‌లో మంచి గురి ఉన్న షూటర్. అంతకుముందు రోజే మా దుకాణంలో కొత్త మందు డబ్బా కొంది. చేతిలో ఒక చీటీ. క్లబ్‌లో అందరికంటే పెద్దవాడైన అలన్ నోట్‌బుక్‌లోంచి రాసుకొచ్చిన కొలత అది. ఆ కొలతతో ఆయన ముప్పై ఏళ్లుగా కాలుస్తున్నాడు.

“అంకుల్, నా డబ్బా మీదున్న నంబరే ఇది. నింపేయొచ్చు కదా?”

చీటీలో మందు రకం నంబరు చూశాను. డబ్బా మీద నంబరూ అదే. అలన్ పేరు విన్నాక లోడ్ డేటా పుస్తకం తియ్యాలనిపించలేదు. నింపుకోమన్నాను.

శనివారం పొద్దున అలమర సర్దుతుంటే రెండు డబ్బాలు పక్కపక్కన కనిపించాయి. ఒకే నంబరు. కంపెనీలు మాత్రం వేరు. రెండు కంపెనీల పుస్తకాలూ తెరిచాను. సునీత కొన్న మందు రెండోదానికంటే చాలా వేగంగా మండేది. చీటీలోని కొలత ఆ రెండోదానికి సరిపోతుంది, సునీత మందు గరిష్ఠాన్ని మాత్రం బాగా దాటిపోయింది. ఆదివారం ఆమెకు పోటీ ఉంది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఉంటే ఫోన్ లాకర్‌లో ఉంటుంది. కోలిన్‌కి జరిగింది చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. వెంటనే ఆసుపత్రికి బయల్దేరమన్నాడు. వార్డు బయట బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. బ్రేక్‌కి బయటికొచ్చిన సునీత నన్ను చూసి ఆగిపోయింది.

“అమ్మా, నిన్న నేను చెప్పింది తప్పు. ఆ మందుతో నింపినవి ఒక్కటి కూడా పేల్చొద్దు.”

ఆమె మెల్లగా అంది: “యాభై నింపేశాను అంకుల్. మీరు చెప్పారనే కదా.”

అవన్నీ రేపు దుకాణానికి తీసుకురమ్మన్నాను.

ఆదివారం ఆమె పోటీకి వెళ్లలేదు. కోలిన్ దుకాణం తెరిచి ఇచ్చాడు. తూటాని బిగించి కొడితే బుల్లెట్ ఊడొచ్చే సుత్తి లాంటి పనిముట్టు ఒకటుంది. దానితో యాభైనీ ఒక్కొక్కటిగా విప్పాం. ఆమె కొట్టింది, నేను మందు తూచాను. ప్రతిదీ గరిష్ఠం పైనే. ఇరవై దాటాక ఆమె తన వార్డు కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. నన్ను క్షమించిందని అప్పుడు తెలిసింది.

అలన్‌కి చెప్పడం ఇంకా కష్టమైంది. ముప్పై ఏళ్లలో తన వేలికి గీత కూడా పడలేదని మొదట కోపగించుకున్నాడు. ఆయన కొలత తప్పు కాదని, అది ఆయన డబ్బాకి మాత్రమే సరైనదని చెప్పి, రెండు పుస్తకాలూ ముందు పెట్టాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చదివాడు. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఈ ఊరికి ఒకే కంపెనీ మందు వచ్చేదట. అందుకే పేరు రాసుకోలేదు. పెన్ను అడిగి తీసుకుని, కౌంటర్ దగ్గరే నిలబడి, నోట్‌బుక్‌లో ప్రతి పేజీ మీదా కంపెనీ పేరు రాశాడు. గంట పైన పట్టింది. మధ్యలో నేను తెచ్చిచ్చిన టీ చల్లారిపోయింది.

నేను రిటైరై టకానిని అనే ఊరికి వచ్చేశాను. క్లబ్ కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి కొలతలు అడుగుతుంటారు. చాలావరకు నాకు కంఠతా వచ్చు. అయినా చెప్పను. డబ్బా మీది కంపెనీ పేరు పూర్తిగా చదివించి, ఆ కంపెనీ తాజా పట్టికలో వాళ్ల బుల్లెట్ బరువుకి ఎదురుగా ఏముందో వాళ్లనే చదివి చెప్పమంటాను. ఒక మనిషికి ముప్పై ఏళ్లు ప్రమాదం జరగలేదంటే మనకు తెలిసేది ఆ మనిషి డబ్బా గురించే. పక్కవాడి డబ్బా గురించి అది ఏమీ చెప్పదు.