టీచర్‌గారి కుడిచెయ్యి

ఆవిడ గుర్తొస్తే నాకిప్పటికీ మనసు కుదురుగా ఉండదు. చిన్నప్పుడు చర్చిలో మాకు జ్ఞానోపదేశం చెప్పిన టీచర్‌గారు. పూజలో 'మీకు సమాధానం కలుగుగాక' అని చెయ్యి కలిపి పక్కవాళ్లకు సమాధానం ఇచ్చే ముందు కుడిచెయ్యి కొంగుకు తుడుచుకునేవారు. "అవతల ఉన్నది దేవుని పోలిక కదా!" అనేవారు. రంగు చూసి, జాతి చూసి మనిషిని తక్కువ చెయ్యడం పాపమని మాచేత బట్టీ పట్టించిందీ ఆవిడే.

ఆ మధ్య విజయవాడలో మా గుడికి, నైజీరియా నుంచి చదువుకోడానికొచ్చిన అమ్మాయి ఒకతె వచ్చింది. బెంచీ మీద ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. టీచర్‌గారు నన్ను లాక్కెళ్లి అక్కడే కూర్చున్నారు. సమాధానం వేళ ఎప్పట్లాగే చెయ్యి తుడుచుకుని, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు.

బయటికొచ్చాక ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు.

"ఆ పిల్ల చెయ్యి వదిలాక కూడా తుడుచుకున్నానా నేను?"

"అలవాటు కొద్దీ చేసుంటారండీ."

"తుడుచుకున్నానా, లేదా?"

"తుడుచుకున్నారండీ."

"ఆ పిల్ల చూసిందా?"

తెలీదన్నాను. ఆవిడ మళ్లీ లోపలికెళ్లి, చేసిన పాపం ఒప్పుకోడానికి ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనానికి మోకరించారు.

తర్వాతి ఆదివారం కూడా ఆ అమ్మాయి పక్కనే కూర్చున్నారు. సమాధానం ఇచ్చాక, కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో గట్టిగా పట్టుకున్నారు, దాన్నిక నమ్మలేనట్టు.